నొజావా ఆన్సెన్‌కి వెళ్తున్నారా? ముందు నీళ్ల సంగతి తెలుసుకోండి

చలికాలం వచ్చిందంటే మా నిషికసాయ్‌లో నాకు ఫోన్లు మొదలవుతాయి. టోక్యోలో మన దేశంవాళ్లు ఎక్కువగా ఉండే పేట ఇది. "అక్కా, మా అమ్మానాన్నా వస్తున్నారు, మంచు చూపించాలి, ఎక్కడికి తీసుకెళ్లమంటావు?" అని అడుగుతారు. నా జవాబు ఎప్పుడూ వేడినీటి ఊటల ఊరు నొజావా ఆన్సెన్‌. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, ఏ హోటల్ బాగుంటుందని. అసలు అడగాల్సింది అది కాదండి. ఎంత వేడి నీళ్లు తట్టుకోగలరు, ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు బట్టల్లేకుండా స్నానం చేయగలరా, ఈ రెండూ ముందు తేల్చుకోవాలి. మిగతావన్నీ టికెట్లు, గదులు. అవి డబ్బిస్తే దొరుకుతాయి.

నగానో రాష్ట్రం ఉత్తరపు అంచున, సుమారు 1,650 మీటర్ల కెనాషి కొండ వాలులో ఉంది ఈ ఊరు. జనాభా మూడున్నర వేలు. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, ఈ కొండలకి కొట్టుకుని మంచంతా ఇక్కడే దించేస్తుంది. కింద చూస్తే భూమిలోంచి మరుగుతున్న నీళ్లు ఊరుతుంటాయి. పైన మంచు, కింద వేడి ఉన్న ఊళ్లు జపాన్‌లో ఇంకా ఉన్నాయి. నొజావా ప్రత్యేకత ఏమిటంటే ఆ నీళ్లు హోటళ్లవి కావు, ఊళ్లోవాళ్లవి. వీధుల్లో 13 స్నానశాలలు ఉన్నాయి. వీటిని సోతోయు అంటారు. తలుపు దగ్గర టికెట్ కౌంటర్ ఉండదు, మనిషీ ఉండడు. ఆ వీధిలోని ఇళ్లవాళ్లు 'యునకామా' అని ఒక కూటంగా ఏర్పడి, వంతులవారీగా తొట్టి కడుగుతారు, కరెంటు బిల్లు కడతారు. ఎన్నో తరాలుగా ఇదే ఏర్పాటు. మనల్ని రానివ్వడం వాళ్ల మర్యాద. నేను కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదే.

ఎలా చేరాలి

టోక్యో లేక ఉయెనో స్టేషన్లో బుల్లెట్ రైలు హొకురికు షింకన్‌సెన్ ఎక్కి ఈయామాలో దిగాలి. సుమారు గంటా ముప్పావు పడుతుంది. టికెట్ ఒకవైపుకి దాదాపు 9 వేల యెన్లు. ఎక్కాల్సింది 'హకుతాకా' అనే రైలు. 'కగయాకి' దానికంటే వేగం, కానీ ఈయామాలో ఆగదు. హకుతాకాల్లో కూడా అన్నీ ఆగవు కాబట్టి టికెట్ కొనేటప్పుడే ఈయామా అని చెప్పండి. స్టేషన్ బయట 'నొజావా ఆన్సెన్ లైనర్' బస్సు ఉంటుంది, పాతిక నిమిషాల్లో ఊళ్లో దింపుతుంది. సాయంత్రం ఆఖరి బస్సు త్వరగానే వెళ్లిపోతుంది. రైలు టికెట్ తీసేముందే బస్సు వేళలు చూసుకోండి.

ఫోన్లో వెతికితే ఒక్కోసారి 'తొగారి నొజావా ఆన్సెన్' అనే స్టేషన్ చూపిస్తుంది. ఊరి పేరు ఉంది కదా అని అక్కడ దిగకండి. అది చిన్న లైను, రైళ్లు తక్కువ, స్టేషన్ ఊరికి దూరం. 2015లో షింకన్‌సెన్ ఈయామా దాకా వచ్చాక అటు తిరగాల్సిన పనే లేదు.

పెద్ద సూట్‌కేసులు మోసుకెళ్లకండి. ఊరంతా ఎత్తుపల్లాలు, సందులు ఇరుకు, కింద గడ్డకట్టిన మంచు. టోక్యోలో చాలా కన్వీనియెన్స్ స్టోర్లలో ఇస్తే తక్కుబిన్ అనే సామాను కొరియర్ వాళ్లు బసకి చేరుస్తారు. రెండు రోజుల ముందు పంపండి. మీ చేతుల్లో చిన్న సంచి, తెల్లవారి వేసుకునే బట్టలు, మందులు ఉంటే చాలు. నగదు దండిగా పెట్టుకోండి. చిన్న చిన్న బసల్లో, దుకాణాల్లో ఇప్పటికీ నోట్లే నడుస్తున్నాయి.

చెప్పుల సంగతి విడిగా చెప్పాలి. మన పెద్దవాళ్లు స్పోర్ట్స్ షూ వేసుకుని వచ్చేస్తారు. అడుగు పట్టు ఉన్న, నీళ్లు దిగని బూట్లు కావాలి. బూటు కింద తగిలించుకునే రబ్బరు ముళ్ల పట్టీలు దుకాణాల్లో దొరుకుతాయి. అరవై దాటినవాళ్లు ఉంటే ముందు అవి కొనిపెట్టండి, తర్వాతే మిగతా షాపింగ్. పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంటే పరాయి దేశంలో ఎంత అవస్థో నేను చెప్పక్కర్లేదు.

బస, భోజనం

ఇళ్లలాంటి మిన్‌షుకులు, కాస్త ఖరీదైన సంప్రదాయ బసలైన రియోకాన్‌లు, కొత్తగా వచ్చిన హాస్టళ్లు, అన్నీ ఉన్నాయి. నా సలహా ఏమిటంటే ఓయు అనే నడిబొడ్డు స్నానశాలకి నడిచి వెళ్లగలిగే దూరంలో గది తీసుకోండి. స్కీ వాలుకి దగ్గర అని పైన తీసుకుంటే రాత్రి స్నానానికి దిగి, మళ్లీ ఎక్కేసరికి వేడంతా దిగిపోతుంది. జనవరి, ఫిబ్రవరి నెలలకి గదులు చాలా ముందే నిండిపోతాయి. ఆస్ట్రేలియావాళ్లు మనకంటే ముందుచూపున్నవాళ్లు. స్కీ అక్కర్లేదు, మంచూ నీళ్లూ చాలనుకుంటే మార్చి ఆఖరు హాయిగా ఉంటుంది. వాలు మీద మంచు మే మొదటి వారం దాకా ఉంటుంది.

శాకాహారులకి ఇక్కడ తిండి కష్టమే. కష్టం కాదని చెప్పేవాళ్లని నమ్మకండి. మాంసం కనిపించకపోయినా మిసో సూప్‌లో, సోబా నూడుల్స్ నంజుకునే పులుసులో, ఉడికించిన కూరల్లో చేప నుంచి తీసిన దాషి అనే రసం ఉంటుంది. "వెజిటేరియన్" అంటే చాలామందికి చేప ఫరవాలేదనే అర్థమవుతుంది. అందుకని బుక్ చేసేటప్పుడే ఇలా రాయించండి: "నికు మో సకానా మో తాబెమసేన్. దాషి మో దమే దెసు." మాంసం, చేప తినము, దాషి కూడా పనికిరాదని. కుదరదంటే వాళ్లు మొహమాటం లేకుండా చెప్పేస్తారు, అప్పుడు భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోండి. వచ్చాక చెబితే మాత్రం ఇబ్బంది పడతారు. రాత్రి భోజనం ఆరింటికే పెట్టేస్తారు, ఆ లెక్కన వంట మధ్యాహ్నమే మొదలైపోయి ఉంటుంది.

వీధుల్లో ఆకలి తీర్చేవి ఉన్నాయి. ఆవిరి పెట్టెల్లోంచి తీసి అమ్మే ఆన్సెన్ మాంజు లోపల తియ్యటి చిక్కుడుగింజల ముద్ద ఉంటుంది. ఓయాకి అని నగానో వాళ్ల పిండి ఉండలున్నాయి. గుమ్మడికాయ పెట్టినవీ ఉంటాయి, ఎర్రచిక్కుడు పెట్టినవీ ఉంటాయి. వంకాయా మిసో కలిపినవి మా ఇంట్లో అందరికీ ఇష్టం. లోపల దాషి ఉందా అని అడగడం మరిచిపోకండి.

అన్నిటికంటే ముందు రుచి చూడాల్సింది నొజావానా. ఈ ఊరి పేరే పెట్టుకున్న ఆకుకూర ఇది. పద్దెనిమిదో శతాబ్దంలో కెన్‌మెయ్‌జి గుడి పూజారి ఒసాకా వైపు నుంచి టెన్నోజి టర్నిప్ విత్తనాలు తెచ్చి వేస్తే, ఈ చలికి దుంప ఊరకుండా కాడలు, ఆకులు ఏపుగా పెరిగాయని ఊళ్లో చెప్పుకుంటారు. నవంబర్‌లో కోసి, ఉప్పులో ఊరవేస్తారు. అప్పుడు సోతోయుల్లో చూడాలి! స్నానాల తొట్టి నిండా ఆకుకూర కట్టలు, చుట్టూ ఆడవాళ్లు, వేడి నీళ్లలో కడుగుతూ లోకాభిరామాయణం. కొత్తగా ఊరినది పచ్చగా, కరకరలాడుతూ ఉంటుంది. ఫిబ్రవరికల్లా రంగు తిరిగి పసుపుపచ్చగా, పుల్లగా అవుతుంది. మీకు అదే ఇవ్వమని అడగండి. పెరుగన్నంలో దాన్ని సన్నగా తరిగి నంజుకుంటే నేను ఆవకాయ కూడా మర్చిపోతాను, ఈ మాట మా అమ్మకి చెప్పకండి. ప్యాకెట్లలో దొరికేవాటిలో కొన్నింటికి చేప పొడి కలుపుతారు, వెనక చూపించి అడిగి కొనండి.

ఆవకాయ సీసా మీరు తెచ్చుకోవచ్చు, తప్పులేదు. కానీ చాపలు పరిచిన గదిలో విప్పకండి. నూనె మరక తతామి మీద పడితే పోదు.

అసలు పని: నీళ్లలోకి దిగడం

తువ్వాళ్లు రెండు తీసుకెళ్లండి, చిన్నదొకటి, ఒళ్లు తుడుచుకునేదొకటి. సోతోయుల్లో ఏమీ ఇవ్వరు. సబ్బు, షాంపూ, హెయిర్ డ్రయర్ ఏవీ ఉండవు. చాలావాటిలో షవర్ కూడా ఉండదు. విలువైనవి బసలోనే వదిలి రండి. ఉచితమే గానీ తలుపు దగ్గర ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో నాణేలు వెయ్యండి. వెయ్యకపోయినా అడిగేవాళ్లు లేరు. అందుకే వెయ్యాలి.

ఆడవాళ్లకి ఒక తలుపు, మగవాళ్లకి ఒకటి. పైన రాసి ఉండేది జపనీస్ అక్షరమే. ఆ రెండు అక్షరాలూ ముందే ఫోన్లో దాచుకుని, చూసుకుని లోపలికి అడుగుపెట్టండి. తలుపు దాటాక ఫోన్ బయటకి తియ్యకూడదు, టైము చూసుకోవడానికి కూడా. లోపల చెప్పులు విప్పే చోటు, బట్టలు పెట్టుకునే చెక్క అరలు, రెండడుగుల అవతలే తొట్టి. మధ్యలో గోడ కూడా లేనివి చాలా ఉన్నాయి. అందరూ అక్కడే విప్పుకుంటారు. ఈతబట్టలు, పెట్టీకోటు, నైటీ, ఏవీ పనికిరావు.

సిగ్గు గురించి రెండు మాటలు. మా అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు, "ఈ వయసులో ఇదేం పరీక్షమ్మా" అని ఓయు గుమ్మంలోనే నిలబడిపోయారు. లోపల ఉన్న ముసలావిడ ఎనభై పైబడి ఉంటుంది, ఈవిడ వైపు చూడను కూడా చూడలేదు. తన పక్కన నేల మీద చోటు చూపించి, చెక్క బక్కెట్ ఒకటి ఇటు జరిపింది, అంతే. అత్తయ్యగారు చిన్న తువ్వాలు అడ్డం పెట్టుకుని వెళ్లి కూర్చున్నారు. ఆవిడే రెండు బక్కెట్లు ఈవిడ పాదాల మీద పోసి, తర్వాత మోకాళ్లు చూపించింది. మాట లేదు, మంతి లేదు. మర్నాడు పొద్దున్నే నాకంటే ముందు లేచి తువ్వాలు పట్టుకుని నిలబడ్డది అత్తయ్యగారే. అక్కడ ఎవరూ ఎవర్నీ చూడరు. అయినా మనసు ఒప్పకపోతే జనం తక్కువ ఉండే వేళ చూసుకోండి. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా అందరూ కొండ మీదే ఉంటారు. సాయంత్రం నాలుగు దాటితే స్కీ నుంచి దిగినవాళ్లతో కిటకిటే. అదీ కాదంటే గదివాళ్లకి విడిగా తాళం ఇచ్చే కుటుంబ స్నానాల గది ఉన్న బస వెతుక్కోండి. బలవంతం మీద మాత్రం ఎవర్నీ తీసుకెళ్లకండి.

నెలసరి రోజుల్లో తొట్టిలోకి దిగరు. పచ్చబొట్ల విషయంలో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. డబ్బు తీసుకునే పెద్ద స్నానశాలల్లో వద్దనేవి ఉన్నాయి, పెద్ద పచ్చబొట్టు ఉంటే ముందే అడగండి.

ఇప్పుడు వేడి సంగతి. ఇక్కడి ఊటల్లో ఓగామా అనేది దాదాపు 90 డిగ్రీలు. తొట్టెల్లోకి చేరేసరికి తగ్గుతుంది గానీ, టోక్యోలో మీరు చూసిన ఆన్సెన్‌లతో పోల్చుకోకండి. 42 నుంచి 45 దాకా మామూలు, కొన్నిచోట్ల ఇంకా పైనే. దిగే పద్ధతి ఇది.

తొట్టి పక్కన కూర్చుని బక్కెట్‌తో తొట్టిలోంచే నీళ్లు తీసి పాదాల మీద పోసుకోండి. తర్వాత మోకాళ్లు, నడుము, భుజాలు. ఏడెనిమిది బక్కెట్లయినా పడాలి. దీనివల్ల ఒళ్లు శుభ్రమవుతుంది, గుండెకి కూడా వేడి తెలిసి సిద్ధపడుతుంది. సబ్బు రాసుకుంటే నురగ తొట్టిలోకి చిందకుండా దూరంగా కూర్చోండి. తర్వాత నీళ్లు పడే గొట్టానికి దూరంగా ఉన్న మూల చూసుకుని దిగండి, గొట్టం దగ్గరే వేడి ఎక్కువ. ఒక్కసారిగా కాకుండా, ఆగకుండా, నెమ్మదిగా మెడ దాకా కూర్చుని, ఇక కదలకండి. కదలకుండా ఉంటే ఒంటికి ఆనుకున్న నీటి పొర కాస్త చల్లబడి, మంట తగ్గుతుంది. చెయ్యి ఆడించారో, కొత్త వేడి వచ్చి తగులుతుంది. పక్కవాళ్లకీ తగులుతుంది, అందుకే లోపల ఎవరైనా ఉన్నప్పుడు నీళ్లు కలబెట్టరు.

చల్లనీళ్ల కుళాయి ఉంటుంది. నేరుగా తిప్పెయ్యకండి. ముందున్నవాళ్లని "ఉమెతె మో ఈ దెసు కా?" అని అడగండి, చల్లనీళ్లు కలపొచ్చా అని. ఊళ్లో పెద్దవాళ్లకి కాగే నీళ్లే ఇష్టం. అయినా అడిగితే కాదన్నవాళ్లని నేను చూడలేదు, మీ వైపు మూలకే పట్టుకోమంటారు. దిగగలిగినంత చల్లబడగానే కట్టెయ్యండి. అందరూ వెళ్లిపోయారు కదా అని కుళాయి విప్పి వదిలేసి వెళ్తే, తర్వాత వచ్చినవాళ్లకి గోరువెచ్చని నీళ్లే మిగులుతాయి. ఈ ఊళ్లో సందర్శకుల మీద వినిపించే ఫిర్యాదుల్లో ఇది మొదటిది.

మొదటిసారి మూడు నిమిషాలు చాలు. లేచి గట్టు మీద కూర్చోండి, మళ్లీ రెండు నిమిషాలు. తల తిరుగుతున్నట్టుంటే గభాల్న లేవకండి, గట్టు పట్టుకుని నెమ్మదిగా రండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగాలి. మద్యం తాగి దిగడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. కడుపు నిండా తిని దిగినా ఇబ్బందే. ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు మంచినీళ్లు తాగండి. చిన్న తువ్వాలు తొట్టిలో ముంచరు, తల మీద పెట్టుకుంటారు. బయటికొచ్చేముందు దాన్ని పిండి ఒళ్లు ఒత్తుకుని, ఆ తర్వాతే చెక్కనేల మీద కాలు పెట్టండి. తడి పాదాలతో నడిస్తే ఆ చెక్క తుడవాల్సింది ఆ వీధివాళ్లే.

పదమూడింట్లో ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఓయు చూడ్డానికి గుడిలా ఉంటుంది, లోపల రెండు తొట్టెలు, ఒకటి కాస్త తక్కువ వేడి. తక్కువ అన్నది పక్కదాంతో చూసినప్పుడే. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి ఇవేవీ కాకుండా ఫురుసాతో నో యు మంచిది. అక్కడ టికెట్ ఉంది, సబ్బు, షవర్ ఉంటాయి, వేడి తక్కువ తొట్టి కూడా ఉంది. నాకు ఇష్టమైనది షిన్‌యు. కాస్త పైన, చిన్నది, గంధకం వాసన ఘాటుగా ఉంటుంది, నీళ్లలో ఊట రేకులు తేలుతుంటాయి. అవి మురికి కాదు, ఖనిజాలు. కుమా నో తెఆరాయ్ యు అని ఇంకొకటుంది. గాయపడ్డ ఎలుగుబంటి ఇక్కడ పుండు కడుక్కుంటుంటే వేటగాడు చూసి ఊట కనుక్కున్నాడని కథ. ఓయులో యకుషి బుద్ధుడు, మిగతా 12 స్నానశాలల్లో ఆయన 12 మంది రక్షకులూ కొలువున్నారని ఊళ్లోవాళ్లు చెబుతారు. యకుషి అంటే మన సంస్కృతంలోని భైషజ్యగురువే. పెద్దవాళ్లకి ఈ మాట చెబితే గుమ్మంలో దణ్ణం పెట్టుకుని మరీ దిగుతారు, సగం సిగ్గు అక్కడే పోతుంది.

మన ఆడవాళ్లకి ఎవరూ చెప్పని సంగతొకటి. ఈ నీళ్లలో గంధకం ఉంది, వెండి నల్లబడుతుంది. పట్టీలు, మెట్టెలు, వెండి మొలతాడు ఉన్న పిల్లలు, అందరూ బసలోనే తీసి పెట్టుకోండి. బంగారంలో కలిపిన రాగి, వెండి వల్ల గొలుసులు కూడా మసకబారొచ్చు. మెట్టెలు తియ్యము అనేవాళ్లు నిశ్చింతగా దిగండి. ఇంటికొచ్చాక గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, చెంచాడు వంటసోడా వేసి, వేడి నీళ్లు పోసి, మెట్టెలు ఫాయిల్‌కి తగిలేలా ఉంచితే నలుపు వదిలిపోతుంది.

ఓగామాలోకి మనం వెళ్లకూడదు. కంచె బయటి నుంచి చూడాలి. అది ఊరందరి వంటిల్లు. కూరలు, గుడ్లు ఉడకబెట్టుకుంటారు, బుట్టలల్లే తీగలు నానబెట్టుకుంటారు. గుడ్డు ఉడకబెట్టాలని సరదా ఉంటే కొన్ని స్నానశాలల పక్కన అందరికీ వదిలిన చిన్న తొట్టెలున్నాయి. దుకాణంలో వలసంచితో సహా గుడ్లు అమ్ముతారు.

స్కీ, మొదటిసారి చేసేవాళ్లకి

ఇక్కడ స్కీ కూడా ఊళ్లోవాళ్లు తెచ్చుకున్నదే. 1911లో ఆస్ట్రియా సైనికాధికారి లెర్చ్ పక్క నీగాతా రాష్ట్రంలోని తకాదాలో జపాన్‌వాళ్లకి స్కీ నేర్పాడు. 1923లో నొజావావాళ్లు సొంతంగా క్లబ్బు పెట్టుకున్నారు. 1930లో ఆ కాలపు పెద్ద గురువు హానెస్ ష్నైడర్ వచ్చి ఇక్కడ జారి చూపించాడు. ఆయన పేరుతో ఉన్న నిట్టనిలువు వాలు ఇప్పటికీ ఉంది, దాని జోలికి మీరూ నేనూ వెళ్లం. నగానో 1998 ఒలింపిక్స్‌లో బయాథ్లాన్ (స్కీ పరుగు, తుపాకీ గురి కలిసిన) పోటీలు ఈ ఊళ్లోనే జరిగాయి. 1992లోనూ 1994లోనూ నార్డిక్ కంబైన్డ్ (స్కీ మీద దూకడం, దూరపు స్కీ పరుగు కలిసిన పోటీ) జట్టుతో ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన కోనో తకనోరి ఈ ఊరివాడే.

మొదటిసారి అయితే ఊళ్లోంచి యూ రోడ్ అనే కదిలే బాట ఎక్కి హికాగే దగ్గర దిగండి. అది నడిచే పని లేకుండా పైకి మోసుకెళ్తుంది. పిల్లలకి, కొత్తవాళ్లకి వాలు అక్కడే. బూట్లు, స్కీలు, జాకెట్టు, ప్యాంటు అద్దెకిస్తారు. చేతి తొడుగులు, కళ్లజోడు, టోపీ సొంతవి కొనుక్కోవడం మేలు. బూటు కొలత సెంటీమీటర్లలో అడుగుతారు, తెలుసుకుని వెళ్లండి. లోపల నూలు బనియన్లు, నూలు మేజోళ్లు వద్దు. చెమటకి తడిసి, ఆరక, చలి ఎముకల్లోకి దిగుతుంది. ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకోండి. మేజోళ్లు ఒక్క జతే, రెండు జతలు తొడిగితే బూటులో మడతపడి నొప్పి.

భర్త నేర్పుతాడులే, అన్నయ్య నేర్పుతాడులే అనుకోకండి. సంసారాలు కాపాడుకోండి. డబ్బు కట్టి పూట క్లాసు తీసుకోండి, ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లున్నారు. మొదటి గంటలో నేర్పేది రెండే: స్కీ ముందు కొనలు దగ్గరకి చేర్చి ఆగడం, పడ్డాక లేవడం. పడేటప్పుడు వెనక్కి కాదు, పక్కకి, కొండ పై వైపుకి పడండి. లేచేటప్పుడు స్కీలు వాలుకి అడ్డంగా తిప్పుకోకపోతే లేస్తూనే జారిపోతారు.

నగసాకా గొండోలా (తీగ మీద వెళ్లే పెట్టె) ఎక్కితే కొద్ది నిమిషాల్లో యమబికో అనే పైభాగానికి తీసుకెళ్తుంది. కొత్తవాళ్లు స్కీలతో పైదాకా వెళ్లాలని సరదాపడకండి. మంచు పట్టిన చెట్లు బాగుంటాయి నిజమే, కింద దాకా పది కిలోమీటర్ల దారి ఉంది, మధ్యలో అలిసిపోతే దిక్కు లేదు. చూడాలనుకుంటే నడిచివెళ్లేవాళ్లకి గొండోలా టికెట్ విడిగా అడగండి. లిఫ్టులు ఎక్కడానికి రోజు పాస్ 7 వేల యెన్లు దాటింది, కొత్తవాళ్లకి పూట పాస్ సరిపోతుంది. తాళ్లు కట్టిన చోటు దాటి అడవిలోకి పోకండి. కొత్త మంచు చెట్ల మొదళ్ల చుట్టూ గోతుల్లా ఉంటుంది, పడితే ఒక్కరు పైకి రాలేరు.

మర్నాడు తొడలు పట్టేస్తాయి. అప్పుడు పైన చెప్పిన నీళ్లు పనికొస్తాయి.

జనవరి 15న వెళ్లేవాళ్లకి

ఆ రాత్రి దోసోజిన్ నిప్పు పండగ. మనకి భోగిమంటలు వేసిన మర్నాడో ఆ మర్నాడో వీళ్లు వేస్తారు. భోగిమంట చుట్టూ మనం చలి కాచుకుంటాం, ఇక్కడ మంట కోసం కొట్టుకుంటారు. బీచ్ చెట్ల దుంగలతో మేడంత ఎత్తున కట్టిన మండపం పైన 42 ఏళ్ల మగవాళ్లు కూర్చుంటారు. కింద 25 ఏళ్లవాళ్లు కాపలా. ఈ రెండూ జపాన్‌లో మగవాళ్లకి గండం వయసులు. ఊరివాళ్లు కాగడాలతో వచ్చి మండపానికి నిప్పంటించాలని చూస్తారు, కిందివాళ్లు పైన్ కొమ్మలతో కొట్టి ఆర్పుతుంటారు. చివరికి పైవాళ్లు దిగిపోయాక మొత్తం తగలబెట్టేస్తారు. తమ ఇంట మొదటి మగపిల్లాడు పుట్టినవాళ్లు కట్టిన నిలువెత్తు దీపస్తంభాలూ అందులోనే ఆహుతి.

సందడి ఏడింటికి మొదలై పది దాకా సాగుతుంది. చీకటి పడకముందే వెళ్లి, గాలి ఎటునుంచి వస్తుందో చూసి, పొగకి ఎదురుపడని వైపు నిలబడండి. తోపులాట ఉంటుంది, కాబట్టి చిన్నపిల్లల్ని, కర్ర పట్టుకుని నడిచేవాళ్లని తాడు దగ్గరికి తీసుకెళ్లకండి, పై వీధిలోంచి కనబడుతుంది. సాకే అనే బియ్యపు మద్యం పోసిన లోటాలు చేతికిస్తుంటారు, వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. నిప్పురవ్వలు దూరం దాకా ఎగిరి వస్తాయి, నైలాన్ జాకెట్ మీద పడితే బటాణీ అంత కన్నం. అద్దెకి తెచ్చుకున్న స్కీ జాకెట్టు గదిలో వదిలి, పాత ఉన్ని కోటు వేసుకుని వెళ్లండి.